మిగిలిన పిన్ను

వంటింట్లో గిన్నె మాయమైందంటే ఉపేందర్ కారు కింద దూరాడనే లెక్క. ఆ రోజూ అంతే. ఆడబిడ్డకు గారెలు కట్టి పంపుదామని అతని భార్య పద్మశ్రీ చిన్న స్టీలు గిన్నె కోసం ఇల్లంతా వెతికింది. చివరికి రేకుల షెడ్డులో గోడ పక్కన కనబడింది. లోపల నూనె జిడ్డు, తుప్పు పొడి. తిట్టుకుంటూ కడగబోతే అడుగున ఒక కొత్త పిన్ను తళతళమంది.

ఆ రోజు నవమి. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగి పదిహేను రోజులు దాటింది. ఉప్పల్లో తెలిసిన మెకానిక్ పండక్కి ఊరెళ్ళిపోయాడు. కారేమో గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర గడగడమంటోంది. సాయంత్రం ఉపేందర్ కూతురు దీపను దమ్మాయిగూడలో తన చెల్లెలింటికి తీసుకెళ్ళాలి. "గింత పనికి మెకానిక్ ఎందుకు" అని పొద్దున్నే ఉపేందర్ అరిగిన లోయర్ ఆర్మ్‌లు తానే మార్చాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులవి. తానే మార్చాడంటే మాటవరసకు. జాకీ మోసుకొచ్చింది పద్మశ్రీ. టార్చి పట్టింది పద్మశ్రీ. విప్పిన నట్లు వరసలో పెట్టి, కొత్త సామాను పొట్లాలు చింపి రెండు పిన్నులూ గిన్నెలో వేసిందీ ఆమే. బిగించిన నట్టు వదులు కాకుండా ఆ పిన్నును దాని గుండా దూర్చి కొసలు వంచుతారు, ఒక్కో చక్రానికి ఒకటి. కుడి చక్రం అయ్యాక ఎడమదాని దగ్గరికి పోతూ ఉపేందర్ "జర చాయ్ తే పో" అన్నాడు. పొయ్యి దగ్గరికెళ్తే అత్త ఉప్పలమ్మ గారెలు వత్తడానికి కూర్చోబెట్టింది. చాయ్ కూడా అత్తే తీసుకెళ్ళి ఇచ్చింది.

పనైపోగానే ఉప్పలమ్మ జాకీ, పానాలు కడిగించి అమ్మవారి పటం ముందు పెట్టించింది. వాటికి పసుపు, కుంకుమ, బంతిపూలు. కారుకు దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పూజ కాకముందు బండి కదలొద్దంది, అందుకని ఉపేందర్ ఒక్క చుట్టు కూడా నడిపి చూడలేదు. ఇక పూజయ్యాక, మర్నాడు జమ్మికి పోయి వచ్చేదాకా పనిముట్లు ముట్టకూడదు. ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

పద్మశ్రీ పిన్ను పట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి ఉపేందర్ కొత్త చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్క సీట్లో పట్టు లంగా సర్దుకుంటూ దీప.

"గీ పిన్ను గిన్నెల మిగిలింది. ఎడమ దిక్కు ఏసినవా?"

"ఏసిన, ఏసిన. అది ఎక్కువొచ్చి ఉంటది."

"రెండే వచ్చినయి. నేనే గిన్నెల ఏసిన. ఒకటి నీ చేతికిచ్చిన."

"ఓ మెకానికమ్మా, పదిహేనేండ్ల సంది బండి నడుపుతున్న. నాకు నేర్పుతవా? జరుగు."

గడప మీద నుంచి ఉప్పలమ్మ అందుకుంది. "మొగోడు బండెక్కినంక గీ అడ్డం మాటలేంది? పండుగ పూట నోరు మూసుకోరాదు?"

మూసుకోవడం పద్మశ్రీకి కొత్తా? పెళ్ళికి ముందు నాచారంలో పంపులు బిగించే యూనిట్‌లో నాలుగేళ్ళు చేసింది. ఫిట్టర్ హన్మయ్య రోజూ ఒకటే మాట చెప్పేవాడు. "బిగించినంక ఏదన్న మిగిలిందంటే లోపల ఏదో తక్కువైనట్టే బిడ్డా. మల్ల ఇప్పాలె." పెళ్ళైన మూడో నెలలో ఉపేందర్ "నా పెండ్లాం మగోళ్ల నడుమ పానా వట్టుడేంది, నలుగురు నవ్వరా" అన్నాడు, మానేసింది. అదే పానా ఇంట్లో అందిస్తుంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. "లైటు సక్కగ వట్టు, గదన్న చాతనైతదా" అని తొమ్మిదేళ్ళుగా వింటోంది. కూరలో ఉప్పు తక్కువైన రోజు ఇంటిల్లిపాదికీ వినబడేలా అంటాడు, సరిపోయిన రోజు గుటుక్కున మింగి లేస్తాడు. అన్నిటికీ ఊరుకున్నందుకు ఆమెకు మంచి కోడలని పేరొచ్చింది. ఆ పేరును ఏం చేసుకోవాలి, పొయ్యిలో పెట్టుకోవాలా? ఇవాళ ఊరుకుంటే ఆ చక్రం పైన కూర్చున్నది దీప.

ఆమె జరగలేదు. కొంగు నడుముకు దోపుకుని ఎడమ చక్రం పక్కన కూర్చుని దాని వెనక్కి చెయ్యి దూర్చింది. వేళ్ళకు నట్టు తగిలింది. పిన్ను ఉండాల్సిన బెజ్జం ఖాళీగా ఉంది. నట్టును వేలితో తోస్తే తిరిగింది. పానాతో బిగించిన నట్టు ఎక్కడైనా వేలికి తిరుగుతుందా?

అంతలో ఇంజన్ మోగింది. పద్మశ్రీ దిగ్గున లేచి తలుపు తీసి దీపను కిందికి దింపింది. అటువైపు వచ్చి, ఉపేందర్ నోరు తెరిచేలోపు కిటికీలోంచి చెయ్యి పెట్టి, బండి ఆపి తాళంచెవి లాగేసుకుంది.

"పిచ్చి లేసిందా నీకు?"

"దిగి ఆ నట్టు తిప్పి సూడు. వేలితోని."

విసురుగా దిగాడు, తడిమాడు. మొహం పాలిపోయింది. అయినా తల వంగలేదు. "పానాలు పూజల ఉన్నయి గద. మెల్లగ పోత, గింత దూరానికి ఏం గాదు. జమ్మి అయినంక రేపు బిగిస్త. తాళం ఇయ్యి."

పద్మశ్రీ తాళంచెవి జాకెట్లో దోపుకుని లోపలికి నడిచింది. పటం ముందు ఉప్పలమ్మ చేతులు చాపి నిలబడింది. "ముట్టకు. అమ్మవారికి కోపమొస్తది."

"అమ్మవారు ఆయుధం పక్కన పెట్టి కూసున్నదా అత్తమ్మా? సూడు, చేతిలనే ఉన్నది."

ఉప్పలమ్మ పటం వైపు చూసింది. ఆ చూపు తిరిగేలోపు పద్మశ్రీ బంతిపూలు పక్కకు తీసి పానా, జాకీ ఎత్తుకుంది. కుంకుమ అరచేతికి అంటింది. షెడ్డులోకొచ్చి, టైరు కింది నిమ్మకాయ తీసి గోడ మీద పెట్టి, బండి లేపి చక్రం విప్పింది. ఉపేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"లైటు పట్టు" అంది.

పట్టాడు. నట్టు బిగిసి, పిన్ను దూరి, రెండు కొసలూ వంగాయి. అతను గొణిగాడు. "కుడి దిక్కు మంచిగనే ఏసిన గద. గీడ ఎట్ల మర్సిన?"

పద్మశ్రీ తల తిప్పలేదు.

"ఎడమ దిక్కు బిగించేటప్పుడు నన్ను చాయ్‌కి పంపినవ్."