ఆఫీసుకొస్తానన్న మాట

ఇంటి నుంచి పని చేసేవాళ్లంటే మా చిట్యాలలో అందరికీ కడుపుమంట. హరిత మంచం పక్కన కంప్యూటర్ పెట్టుకుని జీతం తీసుకుంటుందని నా గురించి చెప్పుకుంటారు. ఆ మంచం మీద ఎవరున్నారో మాత్రం మరిచిపోతారు.

మంచం మీద నా మొగుడు మల్లేష్ ఉంటాడు. రెండేళ్ల కింద హైవే మీద కారు గుద్దితే నడుము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటి నుంచి హైదరాబాద్‌లోని బీమా ఆఫీసు పని ఇంట్లోనే చేస్తున్నాను. అతన్ని పక్కకు తిప్పడం, తుడవడం, మధ్యలో కస్టమర్లతో తీయగా మాట్లాడటం. ఒక్కోసారి నా గొంతు వింటే నాకే ఒళ్లు మండుతుంది.

రావాలనుకునేవాళ్లు సోమవారం నుంచి ఆఫీసుకు రావచ్చు, మిగతావాళ్లు ఇంటి నుంచే చేయవచ్చు, ఏదో ఒకటి ఇవాళ్టి ఆన్‌లైన్ మీటింగులో తేల్చి చెప్పమన్నారు ఆఫీసువాళ్లు. వచ్చేవాళ్లకే టీం లీడర్ పోస్టు. నాకు పోస్టు కన్నా ఆఫీసుకు పోయే బస్సు మీదికి ప్రాణం లాగింది. కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ ఏమీ అందించకుండా పోవడం. క్యాంటీన్‌లో టీ వేడిగా ఉండగానే తాగడం. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఈ ఇంట్లోంచి బయట పడాలని ఉంది.

మల్లేష్‌కు అది తెలుసు. పక్కింటి ఉప్పలమ్మ పత్తి ఏరడానికి పోయే ముందు, వచ్చాక తనను చూసుకుంటుందని, మధ్యలో తాను ఒక్కడే ఉండగలనని వారం నుంచి పోరు పెట్టాడు.

"నా కోసం నువ్వు గిట్ల ఇంట్లనే కూసుంటే నాకు ఊపిరాడ్తలేదు. పో," అన్నాడు పొద్దున.

మీటింగు కోసం కంప్యూటర్ తెచ్చుకుని ముందు గదిలో కూర్చున్నాను. మాటిమాటికీ పిలిచే మనిషి ఒక్కసారి కూడా పిలవలేదు. నిద్రపోయాడనుకున్నాను. నిజంగానే ఒక్కడే ఉండగలడేమో అనిపించింది. మేనేజర్ నా పేరు పిలవగానే వస్తానని చెప్పేశాను. ఆ మాట అంటుంటే ఎంత సంతోషమేసిందో.

లోపలికి పోయి చూస్తే మల్లేష్ నేల మీద ఉన్నాడు. చక్రాల కుర్చీలోకి తనంతట తాను ఎక్కబోయి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, లుంగీ తడిసిపోయింది. ఎప్పటి నుంచి అట్లా పడి ఉన్నాడో. నన్ను చూసి నవ్వాడు.

"ఏం చెప్పినవ్?"

"వస్తనని చెప్పిన. నన్నెందుకు పిలవలే?"

"పిలిస్తే ఆఫీసుకొస్తనని చెప్తుంటివా?"

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసి, చంకల కింద చేతులు వేసి లేపాను. తుడిచి, లుంగీ మార్చి పడుకోబెట్టాను. ముందు గదిలోకి వచ్చి, ఇంటి నుంచే చేస్తానని మేనేజర్‌కు మెసేజ్ పెట్టాను. కారణం రాయలేదు.

వెంటనే జవాబొచ్చింది. మీదే సుఖం హరితగారూ, ట్రాఫిక్ బాధ లేదు, అందుకే అందరూ ఇల్లే కోరుకుంటున్నారు అని.

లోపలి నుంచి మల్లేష్, సోమవారం ఏ చీర కట్టుకుంటావని అడుగుతున్నాడు.