గోడ అవతలి స్విచ్చి

మిహాల్‌ను ఇనుప రోలర్ల మధ్య నుంచి బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. శవం మీద గోనెపట్టా కప్పారో లేదో, సూపరింటెండెంట్ హార్లన్ వచ్చి, "కడిగేసి మిల్లు తిప్పండి" అన్నాడు.

ఇంజనీరు యురాయ్ తల ఎత్తలేదు. పెన్సిల్వేనియాలోని ఆ ఉక్కు మిల్లుకి కరెంటు పెట్టింది అతనే. స్లొవాక్ పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, తీగలు లాగే కూలీగా చేరి, రాత్రిబడిలో చదివి, చివరికి ఆవిరి ఇంజన్లు పీకించి మోటార్లు బిగించాడు. మిల్లు ఇంజనీరు కుర్చీలో పరాయిదేశంవాడు కూర్చోవడం అదే మొదలు.

ఆవిరి రోజుల్లో ఇంజను తిప్పేవాడు రోలర్ల పక్కనే ఉండి కేకేసేవాడు. లోపల పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే పేరు చెప్పి బయటికొస్తే గానీ అతని చెయ్యి కదిలేది కాదు. దుమ్ము పడకూడదని యురాయ్ స్విచ్చిని గోడ అవతలి గదిలో పెట్టాడు. ఆ కేక సంగతి అతనికి గుర్తే రాలేదు. ఇవాళ లోపల మిహాల్ ఉన్నాడని తెలియకుండానే ఆ గదిలోంచి స్విచ్చి వేశారు.

"నీ మోటార్లు మాలో సగంమందిని ఇంటికి పంపాయి, ఊరుకున్నాం," అన్నాడు రోలర్ల దగ్గర పనిచేసే ముసలి ఓండ్రెయ్. "ఇప్పుడు గోతిలోకి పంపుతున్నాయి. స్విచ్చి మా పక్కకి తీసుకురా."

"దొర ఒప్పుకోవాలి మావా."

"మనూళ్లో బంగాళాదుంపలు తిన్న నోరేనా అది?"

"గోడ పగలగొట్టాలంటే మిల్లు ఆపాలి. ఆపేది లేదు," అన్నాడు హార్లన్. "యురాయ్, పోయి స్విచ్చి వెయ్యి."

శవం పక్కన కూర్చున్న మిహాల్ పెళ్లాం జుజానా లేచింది. "ఇప్పుడు లోపలికి ఎవరు దిగాలి?" అని అడిగింది.

మిల్లు తిప్పనివ్వకుండా ఓండ్రెయ్ రోలర్ల మధ్యకి దిగి కూర్చున్నాడు. స్లొవాకులు దిగారు. వాళ్లతో మాటలైనా లేని పోలిష్ వాళ్లూ దిగారు.

మిల్లు కాపలావాళ్లు యురాయ్‌ను గదిలోకి తోసుకెళ్లి స్విచ్చి పిడి మీద చెయ్యి పెట్టించారు. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ధైర్యం కాదు అది, భయమే.

"నా వల్ల కాదు," అన్నాడు.

అతనికి బేడీలు వేశారు. వెంట వచ్చిన హార్లన్ చుట్టూ చూశాడు. తనూ పిడి ముట్టుకోలేదు. పట్నం నుంచి ఇంకో ఇంజనీరును పిలిపించమన్నాడు.

అప్పుడే గోడ అవతల, కూలీలున్న వైపు నుంచి సుత్తి దెబ్బ పడింది. మళ్లీ ఒకటి. పూత పెచ్చులుగా ఊడింది.

మొదటి ఇటుక లోపలికి పడేసరికి యురాయ్‌ను గుమ్మంలోంచి ఈడ్చుకుపోతున్నారు. వెనక్కి తిరిగి చూడనివ్వలేదు. దెబ్బలు మాత్రం ఆగలేదు.