పదకొండిళ్ల పట్టు ముక్కలు

ఆ ఎర్ర పట్టు కిమోనోకి కత్తెర పెట్టడానికి ఫుసానోకి మూడు రోజులు పట్టింది. కూతురు సవాకో ఇరవయ్యో ఏట కట్టుకున్నది. ఒకసారి కోశాక ఇంక అతకడం ఉండదు.

ఆ రేవు ఊళ్లో ఆడపిల్ల పుడితే, మార్చి మూడున వచ్చే బొమ్మల పండక్కి తల్లి పాత పట్టుబట్ట కోసి వాడలో పదకొండిళ్లకి పంచుతారు. ఇంటికొక ఆడమనిషి ఆ ముక్కతో కోతినో కుందేలునో కుట్టి తెస్తుంది. అన్నీ ఒకే తాడుకి గుచ్చి పిల్ల పడుకునే చోట పైన వేలాడదీస్తారు. ముక్క పుచ్చుకుంటే ఆ ఇల్లు పిల్లని తమ పిల్లగా ఎంచినట్టు. వద్దనుకుంటే తిరిగి ఇచ్చేస్తారు. తిరిగొచ్చిన ముక్కని మళ్లీ ఆ గడపకి తీసుకెళ్లరు. ముప్పై ఏళ్లుగా ఈ పంపకం ఫుసానోదే. ఎవరి కుట్టు వంకరపోయినా విప్పి మళ్లీ తనే కుట్టేది. ఆమె కట్టిన తాడులో వంకర కుట్టు చూసినవాళ్లు లేరు.

ఈసారి పిల్ల ఆమె మనవరాలే. పేరు నగి, వయసు ఎనిమిదేళ్లు. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. వాకిట్లో గెడ పాతి, మగపిల్లలకి ఎగరేసే చేప జెండా ఎగరేశారు. మాటలొచ్చిన దగ్గర్నించీ నగి మాత్రం నేను ఆడపిల్లనంటూనే ఉంది. సవాకో బుజ్జగించింది, తండ్రి కసిరాడు, ఫుసానో అయితే మూడేళ్లు చెవిన పెట్టలేదు. ఏడో ఏట పిల్ల తిండీ బడీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాక అప్పుడు విన్నారు. ఇప్పుడు గౌను వేసుకుని బడికెళ్తోంది. అక్కడ టీచరు మంచిది, ఇబ్బంది లేదు. ఊళ్లోనే, చేపల అంగడి దగ్గరికి సవాకో వచ్చిందంటే మాటలు ఆగిపోతాయి.

పోయినేడు పక్కింటి పాపాయి తాడు కింద వెల్లకిలా పడుకుని నగి అడిగింది, "నాకెందుకు లేదమ్మమ్మా?" అని.

"వచ్చే ఏడు" అనేసింది ఫుసానో. ఇప్పుడు ముక్కలు తిరిగొస్తే ఆ పిల్ల మళ్లీ గోడవైపు తిరుగుతుందేమోనని ఆమె భయం.

ఎనిమిదిళ్లు పుచ్చుకున్నాయి. ఒకావిడ "మా కోడలు చూడకముందే ఇలా ఇయ్యి" అని నడుం పట్టీలో దోపేసుకుంది. రెండిళ్లు తలుపు సందులోంచే తిప్పి పంపాయి. మిగిలింది యోనే. ఎనభై ఏళ్ల మనిషి, వాకిట్లో చేపలు ఎండబెట్టుకుంటోంది.

"ఏమే ఫుసానో, ఎనిమిదేళ్ల పసిపాపకి పాలు కూడా పట్టాలా?"

"పళ్లూడి మళ్లీ వచ్చిన పాపేలే అక్కా. ఆలస్యం నాది, దానిది కాదు."

"ఆ చేప జెండా తాడు లాగింది నేను. మీకు మగపిల్లాడు కావాలని కొండమీది గుడికి మెట్లెక్కి మొక్కింది నేను. ఇప్పుడు దేవుడికేం చెప్పను, పొరపాటున అడిగాననా?"

"మగపిల్లాడిగానే ఉంచమని నేనూ మూడేళ్లు మొక్కాను. దేవుడు పలకలేదు. పిల్లే పలికింది."

యోనే ముక్కని వేళ్ల మధ్య నలిపింది. వెలుతురుకి ఎత్తి, కళ్లు చికిలించి చూసింది. తిరిగి ఫుసానో చేతిలో పెట్టేసింది. "నావల్ల కాదులే."

ఇంటికొచ్చాక నగి ముక్కలు లెక్కపెట్టింది. "యోనే మామ్మ కూడానా?"

"ఊఁ. నావల్ల కాదంది."

"కళ్లు కనపడవుగా మరి. మొన్న నన్ను పట్టుకుని పోస్టుమ్యానా అంది."

ఫుసానో ఆ ముక్కలు మడిచి కుట్టుపెట్టెలో దాచింది. పిల్ల అలా అనుకుంటేనే నయమనిపించింది.

మర్నాడు నగి బడినుంచి ఆలస్యంగా, ఒళ్లంతా చేపల వాసనతో వచ్చింది.

"ఎక్కడికి పోయావే?"

"యోనే మామ్మకి సూదుల్లో దారం ఎక్కించా. ఇరవై సూదులు. సూదికో ఎండుచేప ఇమ్మంటే మొత్తానికి రెండిచ్చింది, పిసినారి."

"ఏమైనా అందా?"

"ఎవరి పిల్లవే అంది. తెలీదా అన్నా. గౌను వేసుకొచ్చావు కదా, కొత్తగా అడగాలి అంది. ఫుసానో మనవరాల్ని అని చెప్పా."

"దానికేమంది?"

"ఇంకో సూది ఇచ్చింది."

పండగ ముందురోజు ఎనిమిది బొమ్మలూ వచ్చాయి. అన్నిటికన్నా ఆఖర్న, చేతికర్ర ఊతంగా యోనే వచ్చింది. న్యూస్‌పేపర్లో చుట్టిన కోతిబొమ్మని గడప మీద పెట్టింది. సవాకో పట్టు కాదు, తన పాత కిమోనో లోపలి గుడ్డ, వెలిసిపోయిన ఎరుపు. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి.

"తడుముకుంటూ కుట్టా. ఎలాగూ నువ్వు విప్పి కుడతావుగా, కుట్టుకో."

"మరి దేవుడికేం చెప్పావక్కా?"

"ఈ మోకాళ్లతో ఆ మెట్లు ఎక్కేదెవరు? ఆయనే దిగొచ్చి అడిగితే చూద్దాం."

ఆమె వెళ్లాక ఫుసానో అలవాటుకొద్దీ చిన్న కత్తెర తీసింది. మొదటి కుట్టు కింద మొన దూర్చింది కూడా. కాసేపు అలాగే పట్టుకుని, కత్తెరని పెట్టెలో పెట్టేసి, కోతిని ఉన్నదున్నట్టే తాడుకి గుచ్చింది.

పొద్దున నగి తాడు కింద వెల్లకిలా పడుకుంది. "ఆ కోతికి ఒక చెయ్యి పొడుగు."

"పొడుగే."

"ఈ రెండు చోట్లా ఖాళీగా ఉందేం?"

"ముడులు వేసి ఉంచా. వాళ్ల ముక్కలు దాచా. నేను తీసుకెళ్లకూడదు కానీ, వాళ్లొచ్చి అడగొచ్చు."

"వాళ్లకి కూడా దారం ఎక్కించి రానా?"

"వాళ్లకి కళ్లు బాగానే కనపడతాయే" అంది ఫుసానో.

 నగి పడుకున్నచోటునుంచే పైకి ఊదింది. అన్నిటికన్నా ముందు పొడుగు చెయ్యి కోతి తిరిగింది.