వీర్రాజు రొమ్ములో సందు

మంగళవారం పొద్దున వీర్రాజు చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఎడమ రొమ్ము కింద ఓ సందు కనిపిస్తుంది. ఆ సందు చివరింట్లో ఒకావిడ రోకలితో దంచుతోంది. ఆవిడ దంచినన్నాళ్లే తను బతికుంటాడని చూడగానే అర్థమైపోతుంది వీర్రాజుకి. ఆ రోజు నుంచి అతని భార్య నూకరత్నం మధ్యాహ్నం కాగానే సందులోకి వెళ్లి ఆవిడకి క్యారేజీ ఇచ్చి వస్తుంది.

వీర్రాజుది కాకినాడలో బజ్జీల బండి. సందు గోడలకి ముప్పై ఏళ్ల జిడ్డు. అది తియ్యడానికి తెల్ల యూనిఫారాల్లో నలుగురు గార్డులు వస్తారు. చీపురూ లేదు, గుడ్డా లేదు. గోడలోకి దూరి జిడ్డును నోటితోనే తినేస్తారు. పాపం, ఎంత పనిమంతులో!

మన వీర్రాజు వట్టి మొహమాటస్తుడు. పని చేసేవాళ్లని ఊరికే పంపుతాడా? "ఇంకో రెండు తినండి బాబూ," అంటూ వేడివేడి బజ్జీలు తన నోట్లోనే వేసుకుంటాడు. వాళ్లకి చేరే దారి అదే మరి.

గార్డులు తిని తిని, ఒళ్లంతా నురగై, గోడలోనే ఇరుక్కుపోతారు. ఈలలేసి ఇంకో నలభై మందిని పిలుస్తారు. గోడ ఉబ్బి సందు సగమవుతుంది.

నూకరత్నానికి ఒళ్లు మండుతుంది. "ఇక చాలు, బయటికి రండి."

"జిడ్డుండగా ఎలా వస్తామమ్మా?" అంటాడు పెద్ద గార్డు.

"ఆ జిడ్డు మీ పొట్టల్లోనే ఉంది కదయ్యా!"

"అందుకే మా మీద కాపలాకి వందమందిని రమ్మన్నాం."

శుక్రవారం సందులో క్యారేజీ పట్టదు. రోకలి చప్పుడు తడబడుతుంది. వీర్రాజు చెమటలు కక్కుతూ బండి పక్కన కూలబడతాడు.

"భయమేస్తందే."

"ఊరుకో. నేను లేనూ?"

నూకరత్నం అన్నం ముద్ద కొంగున కట్టుకుని, పక్కకి తిరిగి సందులో దూరుతుంది. ఆమె ఒరుసుకున్న చోట గోడ పగిలి నురగ కారుతుంది. తాపీమేస్త్రీలు పరుగున వచ్చి, పగులు పూడ్చబోయి ఆమె వెనకాల సందునే పూడ్చేస్తారు. వాళ్లూ మంచివాళ్లే.

చివరింటి ఆవిడ రోకలి వదిలేసి పడుకుని ఉంది. ముద్ద నోట్లో పెడితే మింగే ఓపిక కూడా లేదు. నూకరత్నం కొంగు బిగించి, ఆకుపచ్చ మట్టిగాజులు పైకి తోసుకుని రోకలి అందుకుంటుంది.

వీర్రాజు లేచి కూర్చుంటాడు. రొమ్ము తడుముకుంటే సందు లేదు, నున్నటి చర్మమే. "బయటికి రావే!" అని గొల్లుమంటాడు.

"చేతులు ఖాళీ లేవు. నువ్వు అన్నం తిను," అంటుంది లోపల్నుంచి.

ఆస్పత్రిలో నర్సు వాచీ చూస్తూ అతని నాడి పట్టుకుంటుంది. గాజుల గలగల డెబ్బై రెండని రాసుకుంటుంది. ఆమె వేళ్ల దగ్గర, అతని మణికట్టు చర్మం కింద, ఆకుపచ్చ మట్టిగాజులు పైకీ కిందికీ జారుతున్నాయి.