కొంగుముడిలో చింతగింజలు

బంగారుపాళ్యం చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా మగపెళ్లివారిని పాటలతో ఏడిపించాలంటే దేవకమ్మే కావాలి. అలాంటి మనిషి మొన్న మాఘమాసం పెళ్లిలో రెండో పాటకే కుడి కణత పట్టుకుని, చీకటి గదిలో ముసుగుతన్ని పడుకుంది. వెలుతురు చూడలేకపోయింది, దవడ తెరవలేకపోయింది, పైగా వాంతులు. అవతలివైపు తాయమ్మ ఒక్కతే పాడి గెలిచేసింది. అది తలుచుకుంటేనే దేవకమ్మకు ఒళ్లు మండిపోయేది. వైశాఖంలో సొంత తమ్ముడి కూతురి పెళ్లి. మగపెళ్లివారి తరపున పాడేది మళ్లీ ఆ తాయమ్మే!

శొంఠి పట్టు వేసింది, తలకు గుడ్డ బిగించింది. ఏదీ పని చేయలేదు. చివరికి మొగుడు మునిరామయ్య ఎర్రబస్సు ఎక్కించి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు బాలసుబ్రమణ్యం చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరవమన్నాడు. దవడ టక్కుమంది.

"గట్టివేమైనా నములుతారా అమ్మా?"

"యాడ సార్! మేం తినేది సంగటి. దాన్ని మింగేదే గానీ నమిలేది లేదు."

"వక్కలు?"

"ఆ అలవాటే లేదు సార్."

పాపం, అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఓపీ చీటీ దాచుకుందామని కొంగుముడి విప్పిందో లేదో, వేయించిన చింతగింజలు బల్ల మీద జలజలా రాలాయి.

"ఇవేంటమ్మా?"

"చింతపండు కొట్టేకాడ ఊరికే నోట్లో ఏసుకుంటాం సార్. ఇదేమన్నా తిండా? పొద్దుపోయేదానికి!"

"నిద్దరపోయేటప్పుడు తప్ప నోరు ఆడతానే ఉంటాది సార్. నిద్దర్లో పండ్లు పటపటా కొరుకుతాది," అని మునిరామయ్య అందుకున్నాడు.

డాక్టరు పడీపడీ నవ్వాడు. "పార్శ్వపు తలనొప్పి, దవడనొప్పి తోడుదొంగలమ్మా. ఒకదాన్ని పట్టుకుంటే రెండోది వచ్చి విడిపిస్తుంది. రెండింటినీ కలిపి పట్టుకోవాలి. తలకు ఈ మాత్రలు. దవడకు వేడిగుడ్డ కాపడం, మెత్తటి తిండి. పళ్లు బిగించొద్దు, గింజలు బంద్. పూర్తిగా పోతుందని చెప్పను. బాగా తగ్గుతుంది."

చింతపండు కొట్టేచోట అందరూ కటకటా నములుతుంటే దేవకమ్మకు ఏడుపొచ్చింది. అయినా తాయమ్మను తలుచుకుని ఓర్చుకుంది. రానురాను నొప్పి అరుదైంది. వచ్చినా మునుపటిలా మంచాన పడేయలేదు.

పెళ్లి పందిట్లో తాయమ్మ తానూ నములుతూ, గుప్పెడు గింజలు అందించింది. "ఏం వదినా, దవడ ఎట్లుండాది? నీకిష్టమని తెచ్చినా."

కమ్మటి వాసన. దేవకమ్మకు నోరూరింది, చెయ్యి ముందుకు పోయింది. మునిరామయ్య వద్దని దూరం నుంచే చేతులు ఊపాడు. దేవకమ్మ గింజలు తీసుకుని, తాయమ్మ ఒళ్లోనే పోసింది.

"ఇవి గూడా నువ్వే నములు వదినా. నేను పాట పాడల్ల గదా!"

ఇక పాట ఎత్తుకుంది చూడండి! పందిరంతా ఒకటే నవ్వులు. మగపెళ్లివారు మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూస్తుంటే, బదులు పాడదామని తాయమ్మ నోరు తెరిచింది. దవడ టక్కుమంది. చెంప పట్టుకుని కూలబడింది.

దేవకమ్మ పాట ఆపలేదు. చివరి చరణం దాకా పాడి, గెలిచిందనిపించుకుని, అప్పుడు వచ్చి తాయమ్మ చెంప నిమిరింది.

"తిరపతిలో మంచి డాక్టరుండాడు వదినా. రేపే పోదాం, నేను తోడొస్తా. ముందు ఆ నోట్లోది ఉమ్మెయ్!"