బర్రె రంగు, పాల రంగు

నా ముఖం కోసం ఉప్పుగూడలో యాభై మంది మగవాళ్ళు గొంతులు చించుకున్నారు. వాళ్ళలో ఒక్కడూ నా ముఖం వైపు చూసి మాట్లాడలేదు. కోపం తగ్గాక చెబుదామని పదేళ్ళు ఆగాను. తగ్గలేదు, ఏం చేయను!

నేను పాలమ్మేదాన్ని, రాజమణిని. తెల్లారగట్ల బర్రెను పిండి, బిందె నెత్తిన పెట్టుకుని ఉప్పుగూడ నుంచి మొఘల్‌పురా దాకా నడిచి పద్నాలుగు ఇళ్ళకు పోసేదాన్ని. దారిలో దుకాణాల వాళ్ళతో పరాచికాలు, మొఘల్‌పురాలో పరదా వెనక బేగములతో కబుర్లు. అత్తమ్మ కంటిముందు లేకుండా నేను బతికేది ఆ రెండు గంటలే.

జర్మనీతో యుద్ధం మొదలైన ఏడు, ఫోటోలు తీసే ఒకాయన మా కొట్టం దగ్గరికి వచ్చాడు. బర్రె పక్కన నిలబడితే నాకూ ఒక బొమ్మ ఇస్తానన్నాడు. బుద్ధిలేనిదాన్ని, నిలబడ్డాను. పళ్ళికిలించాను కూడా. రెండు నెలలకు ఆ బొమ్మ గోడలకెక్కింది. ఒక పక్క నేనూ, మా మల్లి బర్రే. ఇంకో పక్క గులాబీ బుగ్గల పడుచు, చేతిలో తెల్లబడడానికి ముఖానికి రాసుకునే స్నో సీసా. కింద ఉర్దూలో, తెలుగులో రాత. స్టేషన్లో టికెట్లిచ్చే ఆనందరావు నవ్వు ఆపుకుంటూ నాకు చదివి వినిపించాడు.

"బర్రె రంగు నుంచి పాల రంగుకు! నూర్‌బదన్ స్నో!"

ఇంటికొచ్చి అద్దం తీశాను. అన్నేళ్ళూ అందులో బొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నదాన్ని, ఆ రోజు రంగు చూసుకున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాక మండింది.

మా బావ రామ్‌చందర్, అంటే మా ఆయన అన్న, బస్తీకి పెద్దమనిషి. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడదు. ఆయనా నాతో మాట్లాడడు. ఇద్దరి మాటలూ మధ్యలో మా అత్తమ్మ బాలమ్మకు చెప్పాలి. అట్లాగే చెప్పాను.

"అత్తమ్మా, రేపు పాలు పోసి అటే ఉస్మాన్‌గంజ్ పోత. ఆ స్నో అమ్మే దుకాణం ముందట నిలవడ్త. 'ఈ ముఖమేనా మీరు గోడకు అంటిచ్చింది' అని అడుగుత. నన్ను సూసినంక కొనేటోళ్ళు ఎట్ల కొంటరో సూస్త."

బావ నా పక్కనే ఉండి అత్తమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, దానికి జెప్పు. మేమింతమంది మగోళ్ళం సచ్చిపోయినమా? ఇది బస్తీ ఇజ్జత్ సవాల్. మేం జూస్కుంటం. లొల్లి సల్లారేదాంక అది గడప దాటొద్దు. దాన్ని జూస్తే అందరికి పోస్టరే యాదికొస్తది."

మర్నాటి నుంచి తలుపుకు బయట గొళ్ళెం. సాయంత్రమైతే మా అరుగు మీద బస్తీ మగవాళ్ళ కమిటీ. ఒకడు లేచి 'మన ఆడబిడ్డ' అంటాడు, ఇంకొకడు 'మన నెత్తురు' అంటాడు. ఇరవై పోస్టర్లు చింపారట, అర్జీ రాశారట. ఆ ఆడబిడ్డ లోపల వాళ్ళందరికీ చాయ్ కాస్తోంది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవంటారు. కాళ్ళున్న నన్నేమో లోపల వేశారు!

అసలు ఇబ్బంది మల్లితో వచ్చింది. అది నా చేతికి తప్ప ఎవరి చేతికీ చేపదు, చుక్క దించదు. కొట్టం వీధికి అవతల ఉంది. అత్తమ్మ నా చీర కట్టుకుని, నా ముసుగు వేసుకుని పోయింది. బర్రె వాసన చూసి, చెంబుతో సహా ఆమెను తన్నింది. మూడో రోజుకు పొదుగు రాయిలా గట్టిపడింది. అది అరుస్తుంటే నేను గోడకు తల బాదుకున్నాను. మొఘల్‌పురా ఇళ్ళకు ఇంకెవరో పాలు పోయడం మొదలుపెడతారని మరో భయం.

నాలుగో రోజు పొద్దున్నే స్నో కంపెనీ మనిషి టాంగాలో వచ్చాడు. ఉప్పుగూడలో పోస్టర్లు పీకేస్తానన్నాడు, ఉప్పుగూడలో మాత్రమే. మాఫీ అడిగాడు. కమిటీకి నజరానాగా నాలుగైదు డజన్ల సీసాలు ఇచ్చాడు. ఒక్కడు వద్దన్నాడా? భార్యల కోసం తలా ఒకటి జేబులో వేసుకున్నారు.

మాకు వచ్చిన సీసాను బావ అత్తమ్మ చేతిలో పెట్టాడు. "రోజూ రాసుకొమ్మను. నెల రోజుల్ల రంగు దేల్తదట. అప్పుడు ఎవ్వడు గుర్తువట్టడు. ఇయ్యాల రాసుకుంటే బర్రె కాడికి పోనియ్యి."

రాసుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, రాసుకున్నాను. మల్లి అరుపు వినలేక రాసుకున్నాను.

గొళ్ళెం తీశారు. వీధి దాటాను. మల్లి నన్ను చూసి తల ఊపింది. దగ్గరికి పోయేసరికి ఆ గులాబీ వాసనకు బెదిరి వెనక్కి గుంజుకుంది, చెంబును తన్నింది. నా బర్రెకు నేను పరాయిదాన్నయ్యాను. అక్కడే గాబులో నీళ్ళు ముంచుకుని, బూడిదతో ముఖం మంటెక్కేదాకా తోముకున్నాను. మళ్ళీ దాని మెడ కిందికి పోయాను. వాసన చూసింది, నాకింది. పొదుగు నిమిరీ నిమరగానే పాలు ధారకట్టాయి. ఏడుస్తూనే పిండాను.

బిందె నెత్తిన పెట్టుకుని కొట్టం బయటికొస్తే ఎదురుగా మా అరుగు నిండా కమిటీ. గెలిచామని బావ మెడలో పూలదండ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడాను.

"బావా, ఇంతమంది నా కోసం కొట్లాడిండ్రు. మస్తు సంతోషం. ఇప్పుడు ఒక్కరు నాతోని మొఘల్‌పురా దాంక నడువుండ్రి. నా పక్కపొంటి, గంతే. ఆడ గోడలకు ఇంక నా బొమ్మలున్నయ్."

ఎవరూ లేవలేదు. ఒకాయన చెప్పు సరిచేసుకున్నాడు. బావ అలవాటుగా అత్తమ్మ కోసం చూశాడు.

లేచింది మా ఆయన ఎల్లయ్య. నా గుండె ఎగిరింది. దగ్గరికొచ్చి రెండు చేతులతో నా నెత్తి మీది బిందె దించుకున్నాడు.

"నేను పోసొస్త తియ్. నువ్ ఇంట్లకు నడువు. నీ మంచికే జెప్తున్న, రాజమణీ."

ఎంత మెత్తగా అన్నాడో! కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అత్తమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగింది. గొళ్ళెం పడింది. బయట ఎవరో "రాజమణికి" అని అరిచారు. అందరూ "జై" అన్నారు. అందులో మా ఆయన గొంతు కూడా ఉంది.