లక్క మీద బొటనవేలు

తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టిన రోజు పెట్టెలాయన చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఇనప్పెట్టెలు అమ్మే కొట్టు, చచ్చిపోయిన తమ్ముడి పనిముట్ల సంచీ, పక్కనున్న కలప అడితి షావుకారు మీద పగ. కొట్టు అంతంతమాత్రంగా నడుస్తోంది. సంచీ మూలన పడి ఉంది. పగ ఒక్కటే రోజురోజుకీ పెరుగుతోంది. పెరిగే సరుకును తెలిసిన వ్యాపారి ఎవడూ తొందరపడి అమ్ముకోడు.

తమ్ముడు పోయిన తీరు బజారంతటికీ తెలుసు. పెట్టెలాయన కొట్టుకీ కలప అడితికీ మధ్య ఒక్క గోడ. అడితి ఆఫీసు వెనక తలుపు గడియ పట్టేస్తోంది, తీరిక చూసుకుని రమ్మని గుమాస్తా పొద్దున వచ్చి, తాళాలూ గడియలూ బాగుచేసే తమ్ముడికి చెప్పి వెళ్లాడు. ఆ సంగతి షావుకారు చెవిన వేయడం మర్చిపోయాడు. పొద్దు వాలాక తమ్ముడు సంచీ భుజాన వేసుకుని ఎప్పటిలాగే వెనక దారిన వెళ్లాడు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో గడియ దగ్గర ఇనుము చప్పుడైంది. లోపల్నుంచి తుపాకీ పేలింది.

విచారణలో షావుకారు గొంతు వణక్కుండా చెప్పాడు. "ఎవరది అని మూడుసార్లు అరిచాను. జవాబు లేదు. అప్పుడు గోడలోని ఇనప్పెట్టె తాళం తీసి, తుపాకీ బయటికి తీశాను. కాలుస్తానని మళ్లీ హెచ్చరించాను. ఆ తరవాతే కాల్చాను." కొట్లో తుపాకీ ఉంచుకునేవాడు దాన్ని గోడలో బిగించిన పెట్టెలో తాళం వేసి ఉంచాలన్నది రూలు. రూలు ప్రకారం నడుచుకుని, అంత ఓపిక పట్టిన మనిషిది తప్పెలా అవుతుందని కేసు మూసేశారు. తుపాకీ తిరిగి ఇచ్చేశారు. దాంతో తమ్ముడు పిలిచినా పలకని దొంగగా మిగిలిపోయాడు.

"వాడికి చెవుడు లేదండీ. ఎవరది అంటే నేనే షావుకారూ అనేవాడు," అని పెట్టెలాయన మొత్తుకున్నాడు. అన్న కదా, అలాగే అంటాడులే అన్నారు.

షావుకారు అక్కడితో ఆగినా పోయేది. ఆయన బజారు సంఘానికి అధ్యక్షుడు. ప్రతి కొట్టుకీ ఒక తుపాకీ ఇవ్వాలి, పెట్టె రూలు సడలించాలి అంటూ సంఘం తరఫున అర్జీ రాయించి, ఊరంతా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. అలాంటి సమయంలో అందరికన్నా ముందు దరఖాస్తు పెట్టింది పెట్టెలాయన. తమ్ముణ్ని మింగినదాన్నే కొనుక్కుంటున్నాడేమిటని బజారు ముక్కున వేలేసుకుంది. ఆయన లోపలి లెక్క వేరు: అదే రకం తుపాకీ, అదే మునిమాపు వేళ, కోర్టులో అవే మాటలు. ఒకరికి చెల్లిన నాణెం ఇంకొకరికి ఎందుకు చెల్లదో చూద్దాం అనుకున్నాడు.

తమ్ముడి భార్య అప్పట్నుంచీ కొట్లో కూర్చుంటోంది. ఒకరోజు గిరాకీ లేని వేళ అడిగింది.

"దరఖాస్తులో కారణం ఏం రాశారు బావగారూ?"

"ఆత్మరక్షణ."

"ఎవర్నుంచి?"

పెట్టెలాయన ఒక పెట్టె బందుకు నూనె వేయసాగాడు.

"నాకు తెలీదనుకోకండి," అందామె. "మీరు కాలిస్తే ఆయన ఒక్క క్షణంలో పోతాడు. బజారంతా కొట్లు మూసి వెంట నడుస్తుంది. పాపం, పెద్దమనిషి అంటుంది. మా ఆయన్ని దొంగను చేసినవాడు పెద్దమనిషిగా పోతాడు. బేరం తెలిసిన మనిషి మీరు, ఇంత చవగ్గా వదిలేస్తున్నారేం?"

"మరి నీ ధర ఎంత?"

"బతకాలి. బతికి ఈ బజార్లోనే నడవాలి. ఒక్కడు కూడా నమస్కారం పెట్టకూడదు."

"ఆ ధర పలికే సరుకు నా దగ్గర లేదమ్మా."

"అయితే వెతకండి. వ్యాపారం మీకు నేను నేర్పాలా?"

లైసెన్సుకు సంఘం అధ్యక్షుడి సిఫారసు సంతకం కావాలి. పళ్లు బిగబట్టుకుని పెట్టెలాయన అడితికి వెళ్లాడు. ఆఫీసు గదిలో కుర్చీల మీదా కిటికీ ఊచల మీదా రంపపు పొట్టు పేరుకుని ఉంది. షావుకారు లేచి ఎదురొచ్చాడు.

"రావయ్యా రా. నువ్వే తుపాకీ అడిగావంటే నా గుండెల మీద బరువు దిగిపోయింది. ఇంక ఈ బజార్లో నన్ను వేలెత్తి చూపేవాడు లేడు."

పెన్ను కోసం సొరుగు లాగాడు. రబ్బరు స్టాంపుల పక్కన తుపాకీ దొర్లింది. షావుకారు చటుక్కున మూసేశాడు.

"శుభ్రం చేద్దామని ఇప్పుడే తీశాలే."

పెట్టెలాయన విననట్టే గోడలోని పెట్టె దగ్గరికి నడిచాడు. తను అమ్మిన పెట్టె ఎక్కడ కనబడినా దాన్ని ఒకసారి తడిమి చూడటం ఆయనకు అలవాటు. తాళం కన్నం మీద వేలాడే చిన్న రేకును వేలితో పక్కకు జరిపాడు. కన్నం నిండా ఎర్రటి లక్క. లక్క మీద బొటనవేలి ముద్ర. ముద్రను అడ్డంగా కోస్తూ ఒక గీత.

పెట్టె బిగించేటప్పుడు తాళంలోకి దుమ్మూ సిమెంటూ పోకుండా కన్నాన్ని లక్కతో మూయడం తమ్ముడి పద్ధతి. కరిగిన లక్క చుక్క వేసి, వేడి ఆరకముందే బొటనవేలితో అదిమేవాడు. చిన్నప్పుడు ఉలి తగిలి ఆ వేలు అడ్డంగా చీలింది. "మొదటిసారి మీరే గోటితో గిల్లి తెరుచుకోండి, కొన్నవాళ్ల చెయ్యి పడాలి," అని నవ్వేవాడు. ఆ లక్క తీయందే తాళంచెవి లోపలికి దూరదు.

పెట్టెలాయన రేకును మెల్లగా యథాస్థానానికి జరిపాడు.

"పెట్టె బాగా పనిచేస్తోందా షావుకారూ?"

"భేషుగ్గా. రోజూ తీస్తూ మూస్తూనే ఉంటాను."

ఇంటికొచ్చి మరదలితో ఒక్క మాట అన్నాడు. "దొరికింది." విషయమంతా చెప్పాడు. ఇంక భయం ఒక్కటే. షావుకారు ఏ పూటైనా సరదాకి ఆ పెట్టె తెరిచాడంటే సరుకంతా నేలపాలు. అందుకని పెట్టెలాయన రోజూ అడితికి వెళ్లి కూర్చోసాగాడు. రూలుదేముంది షావుకారూ, చేతికందేచోట ఉంటేనే ధైర్యం అని చెవిలో ఊదేవాడు. షావుకారు పొంగిపోయి సొరుగు మీద తట్టేవాడు. తమ్ముణ్ని చంపిన చేత్తో ఇచ్చిన టీ ఆయన గుక్కగుక్కగా తాగాడు. ప్రతి గుక్కనూ బాకీలో వేసుకున్నాడు.

అర్జీ మీద సభ అడితి ఆవరణలోనే జరిగింది. బజారు జనం దుంగల మీద కూర్చున్నారు. లైసెన్సుల అధికారి కూడా వచ్చాడు. షావుకారు లేచి, ఆ సాయంత్రం తను చూపిన ఓపికను మరోసారి వర్ణించి, "నా దగ్గర అది లేకపోతే నా గతేమిటి?" అన్నాడు.

మందుల షాపు ఆవిడ కూర్చున్నచోట్నుంచే అంది. "లేకపోతే తలుపు దాకా వెళ్లి ఎవరో చూసేవారు. ఉంది కాబట్టి చూడలేదు."

"మీకేమమ్మా," అన్నాడు గడియారాల షాపాయన. "నా కొట్లో పట్టపగలు మెడ మీద కత్తి పెట్టారు. పోలీసులు వచ్చేసరికి వాళ్లు ఊరు దాటారు. మళ్లీ వస్తే మీ మాత్రలు విసరమంటారా?"

"మీకు సాయంత్రమైతే ఎదురుగా ఉన్న మనిషి ఆనడు. మీ చేతికి తుపాకీ ఇస్తే ముందు పోయేది పక్క కొట్లో ఉన్న నేనే."

జనం నవ్వారు. గడియారాలాయనా నవ్వాడు గానీ, మెడ తడుముకున్నాడు. ఆయన భయం అబద్ధం కాదు.

"పెట్టెలాయన్ని మాట్లాడమనండి," అన్నాడు షావుకారు. "సొంత తమ్ముణ్ని పోగొట్టుకుని కూడా తుపాకీ అడిగిన మనిషి. ఆయన చెబితే ఇంక తిరుగులేదు."

పెట్టెలాయన లేచాడు. కాళ్ల దగ్గర తమ్ముడి సంచీ ఉంది.

"నేను పెట్టెలమ్ముకునేవాణ్ని, నాకు ఉపన్యాసాలు రావు. తాళం తీసేలోపు మనిషికి బుర్ర పనిచేస్తుందనే కదండీ ఆ రూలు పెట్టింది. మన అధ్యక్షులు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారని విచారణలోనే తేలింది. కొత్తగా తీసుకునేవాళ్లం. పెట్టె ఎలా తీశారో మాకు ఒకసారి చూపిస్తే నేర్చుకుంటాం."

చప్పట్లు మోగాయి. షావుకారు మొహంలో రంగు తగ్గింది.

"తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది."

"రోజూ తీస్తూ మూస్తూ ఉంటానన్నారు?"

"ఇవాళ మర్చిపోయానయ్యా."

"పర్లేదు, తమ్ముడి పనిముట్లు తెచ్చాను. వాటికి లొంగని తాళం లేదు."

అధికారి ముందు నడిచాడు. జనం ఆఫీసు గుమ్మం దగ్గర మూగారు. పెట్టెలాయన దూరంగా నిలబడి, రేకు జరపమని అధికారికే చెప్పాడు. అధికారి జరిపాడు. మొదట నోరు విప్పింది గడియారాలాయన.

"ఇది ఆ అబ్బాయి వేసే లక్క కదూ. నా పెట్టెకీ వేశాడు. మొదటిసారి తెరిచినప్పుడు నేనే గిల్లి పారేశాను."

"మరి ఇక్కడ అలాగే ఉందేం?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

షావుకారు తడబడ్డాడు. "ఈయనే వేసుంటాడు. రోజూ వచ్చి కూర్చుంటున్నాడు."

మరదలు జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఆ ముద్ర మీద గీత చూడండి. మా ఆయన వేలిమీది ఉలిదెబ్బ. చచ్చినవాడు లేచొచ్చి వేశాడంటారా షావుకారుగారూ?"

అధికారి ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. తరవాత పెట్టెలాయన వైపు తిరిగాడు. "లోపల చూడాలి. తెరవండి."

పెట్టెలాయన ఇన్నాళ్లూ ప్రతి మెట్టూ బేరీజు వేసుకున్నాడు. ఈ ఒక్కటి వేసుకోలేదు. తెరవాలంటే లక్క తీయాలి. తమ్ముడి చేతిది ఈ లోకంలో మిగిలింది ఆ ముద్రే. తాళం తీసే కడ్డీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మరదలు తన బొటనవేలు ఆ ముద్ర మీద ఆనించింది. కాసేపు ఉంచి తీసేసింది.

"కానివ్వండి బావగారూ."

గోటితో గిల్లాడు. లక్క పొడిపొడిగా రాలింది. తమ్ముడి కడ్డీతో తాళం తీశాడు. లోపల కంపెనీవాళ్లు పరిచిన నూనెకాగితం మడత నలగకుండా ఉంది. ఇంకేమీ లేదు.

"అయితే ఆ రోజు తుపాకీ ఎక్కణ్ణుంచి తీశారు?" అన్నాడు అధికారి.

షావుకారు కళ్లు సొరుగు వైపు వెళ్లాయి. మందుల షాపు ఆవిడే దాన్ని లాగింది. స్టాంపుల పక్కన తుపాకీ ఉంది.

"ఒక్కసారైనా పిలిచారా?" అంది మరదలు.

"చీకటి... భయమేసింది. చేతికందింది." షావుకారు కుర్చీలో కూలబడ్డాడు. "పిలవలేదు."

కేసు మళ్లీ తెరిచారు. షావుకారు లైసెన్సు రద్దయింది, తుపాకీ పోయింది, అధ్యక్ష పదవి పోయింది. అర్జీ మాత్రం పూర్తిగా చావలేదు. గడియారాలాయన సంతకం వెనక్కి తీసుకోలేదు గానీ పెట్టె రూలు ఉండాల్సిందేనని పక్కన రాశాడు. ఆయనకీ మందుల షాపు ఆవిడకీ రోజూ వాదనే. పెట్టెలాయన లైసెన్సు ఆ వారమే వచ్చింది. తిప్పి పంపేశాడు. కారణం దగ్గర "అవసరం తీరింది" అని రాశాడు.

షావుకారు బెయిలు మీద బయటికొచ్చాడు. రోజూ పొద్దున అడితికి ఈ దారినే వెళ్లాలి. కొట్ల ముందు నిలబడ్డవాళ్లు ఆయన్ని చూడగానే లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతారు. పెట్టెలాయనా, మరదలూ మాత్రం వెళ్లరు. గుమ్మంలో నిలబడి, ఆయన ఈ చివరినుంచి ఆ చివరికి తలొంచుకుని నడిచేదాకా చూస్తారు.

లెక్క తేల్చుకుంటే, పోయింది తమ్ముడు, తమ్ముడి వేలిముద్ర. మిగిలింది గోటిసందున ఎర్రటి పిసరు. వచ్చింది తమ్ముడి మంచిపేరు.

"గిట్టిందా బావగారూ?" అని అడిగింది మరదలు ఒకరోజు.

షావుకారు అప్పుడే మలుపు తిరిగి కనబడ్డాడు. పెట్టెలాయన చేతిలో పని పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు.

"గిట్టింది. ఇంకా రోజూ వస్తూనే ఉంది."